ముళ్ళజంతువు – అరసెకను వ్యవధి

ఛందశ్శాస్త్రంలో రగడలకు పెట్టిన పేర్లు ఎంత ముచ్చటైనవో తెలుగు చదువుకొన్నవారికి వేరుగా చెప్పనక్కరలేదు. హయప్రచారం, తురగవల్గనం, ద్విరదగతి, హరిణగతి, వృషభగతి. గుర్రం, ఏనుగు, లేడి, ఎద్దు, ఇలా ఒక్కొక్క మృగపు నడకను ఒక్కొక్క మాత్రాగణ విన్యాసానికి పేరుగా పెట్టి మన లాక్షణికులు ముచ్చట తీర్చుకొన్నారు. ముళ్ళజంతువు నడకకు మాత్రం ఎవ్వరూ రగడ కట్టలేదు. 1991లో జపాను దేశపు సెగా సంస్థవారు నీలిరంగు ముళ్ళజంతువు నొకదానిని పుట్టించి, దానికి ఎర్రజోళ్ళు తొడిగి, గుర్రాన్ని మించిన పరుగు నేర్పుతారని పాపం వారెట్లా ఊహించగలరు?

ఆ జంతువు పేరు సోనిక్. దానిని మన పత్రికలవారు ఒక్కొక్కసారి ఏదుపంది అని అనువదిస్తూ ఉంటారు. అది సరికాదు. ఏదుపంది పొడుగాటి ములుకులున్న మూషికజాతి ప్రాణి. ఇది పిడికెడంత ఉండి, భయం వేస్తే బంతిలా చుట్టుకొనే వేరే కుటుంబపు జీవి. దక్షిణ భారతంలోని మెట్టనేలలలో కూడా దీని బంధువు ఒకటి ఉన్నది. బంతిలా చుట్టుకోవడమనే ఆ సహజలక్షణాన్నే ఆటకు ప్రాణంగా తీసుకొన్నారు కనుక ఈ భేదం చెప్పవలసి వచ్చింది. రామాయణంలో పిడకలవేట అనుకోకండి.

తెలుగు పండితుడికి వీడియో ఆటలతో పనేమిటని కొందరు మిత్రులు ముక్కున వేలు వేసుకోవచ్చు. మా పెద్దవాడు ఉద్యోగరీత్యా కొన్నేళ్ళు ఇంగ్లండులో ఉండి, అక్కడి పాతసామానుల అంగడిలో మెగా డ్రైవ్ అనే ఆట యంత్రాన్నీ, దానితోపాటు నాలుగైదు కార్ట్రిడ్జిలనూ కొని తెచ్చాడు. అటకమీది పాత పిక్చర్‌ట్యూబు టీవీని దింపి దానికి తగిలించాడు. తొమ్మిదేళ్ళ మనవడు దానిముందు కూర్చుంటే, కళ్ళు పాడుచేసుకోకుండా చూడమని నన్ను కాపలా పెట్టారు. కాపలావాడిగా కూర్చున్నవాడిని విమర్శకుడిగా లేచాను. ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలకు పాఠం చెప్పినవాడికి, ఎదుటివాడు ఎట్లా పాఠం చెబుతున్నాడో గమనించడం మానలేని వ్యసనం. ఆట కూడా ఒక ఉపాధ్యాయుడే గదా! ఏది చేయవచ్చునో, ఏది చేయరాదో మాటలు లేకుండా నేర్పుతుంది. ఆ నేర్పడంలోని మంచిచెడ్డలను గురించే ఈ నాలుగు ముక్కలూ.

ముందుగా మంచి చెప్పుకోవాలి. యూజీ నాకా దీనికి ప్రోగ్రాము వ్రాశాడు. నావోతో ఓషిమా బొమ్మ గీశాడు. హిరోకాజు యసుహర దారులను, కొండలను, గోతులను కూర్చాడు. ఈ ముగ్గురి కూర్పులో నన్ను ఎక్కువగా ఆకట్టుకొన్నది వాలుల వ్యవహారం. అంతకుముందటి ఆటలలో నేల చాలావరకు మెట్లుమెట్లుగా ఉండేది. 1985 నాటి మారియో మెట్లమీద ఎగురుతూ పోతాడు. ఇక్కడ అట్లా కాదు. పల్లంలో వేగం పెరుగుతుంది, మిట్టలో తగ్గుతుంది. బంతిలా చుట్టుకొంటే దొర్లుడు వేగం వస్తుంది. ఆ వేగంతో గుండ్రటి వలయపు దారిలో తలక్రిందులుగా తిరిగి అవతల పడవచ్చు. తొలి జోను పేరు గ్రీన్ హిల్. అందులో నేర్పున్నవాడు పైదారిన పోతాడు. తప్పిన వాడు చావడు, క్రిందిదారిలో పడి కాస్త నిదానంగా, కాస్త కష్టంగా నడుస్తాడు. తెలివితక్కువవాడిని తరగతినుండి వెళ్ళగొట్టకుండా వెనుకబెంచీలో కూర్చోబెట్టి పాఠం కొనసాగించినట్లు ఉంటుంది ఆ ఏర్పాటు. ఇది నిజంగా గొప్ప ఊహ.

ఇక చిక్కు. ఆ యంత్రం తెరమీద అడ్డంగా 320 చుక్కలు, నిలువుగా 224 చుక్కలు ఉంటాయి. సోనిక్ దాదాపు నడిమధ్యన ఉంటాడు. అంటే అతడి ముందు కనిపించే మేర 160 చుక్కలు. చదునునేలమీద పరుగెత్తేటప్పుడు అతడి పూర్తివేగం ఒక్కొక్క చిత్రానికి 6 చుక్కలు. జపాను, అమెరికా టీవీలలో సెకనుకు 60 చిత్రాలు కనుక సెకనుకు 360 చుక్కలు. 160ని 360తో భాగిస్తే 0.44 సెకను వచ్చింది. తెర అంచున శత్రువు కనిపించినది మొదలు మీద పడేవరకు ఆటగాడికి దొరికే వ్యవధి అంతే, అరసెకను కూడా కాదు. కంటికి కనిపించినదానికి వేలు కదలడానికే సామాన్య మానవుడికి పావుసెకను పడుతుంది. అదీ ఏమి చేయాలో ముందే తెలిసినప్పటి మాట. కనిపించినది గొయ్యో, ములుకో, శత్రువో పోల్చుకొని, ఎగరాలా ఆగాలా అని నిశ్చయించుకోవడానికి మరికొంత కావాలి. వాలుమీద దొర్లుతూ చిత్రానికి 10 చుక్కల వేగం అందుకొంటే మిగిలేది 0.27 సెకను. అప్పుడిక చూడడమూ చూడకపోవడమూ ఒక్కటే.

(మా ఇంట్లోని యంత్రం ఐరోపాది. అక్కడి టీవీలు, మన దేశపు పాత టీవీల మాదిరే, సెకనుకు 50 చిత్రాల పద్ధతివి. తొలి సోనిక్‌ను ఆ పద్ధతికి తగినట్లు సవరించకుండా విడుదల చేయడంచేత అక్కడ ఆటంతా ఆరోవంతు నెమ్మదిగా సాగేది. పాటలు కూడా సాగదీసినట్లు వినిపించేవి. దానిని లోపమనే అందరూ అంటారు. కానీ ఆ లోపంవల్ల ఐరోపా పిల్లలకు 0.44కు బదులు 0.53 సెకను దొరికింది. ఒక లోపం మరొక లోపాన్ని కొంచెం కప్పింది.)

ఈ లెక్క నిర్మాతలకు తెలియదా అంటే, బాగా తెలుసును. దానికి సాక్ష్యం ఆ ఆటలోని బంగారు ఉంగరాలు. దారిపొడుగునా అవి దొరుకుతూ ఉంటాయి. చేతిలో ఒక్క ఉంగరం ఉన్నా సరే, దెబ్బ తగిలితే ప్రాణం పోదు, ఉంగరాలు మాత్రం చెల్లాచెదరవుతాయి. చెదిరినవాటిలో కొన్నింటిని పరుగెత్తి మళ్ళీ ఏరుకోవచ్చు. నూరుంగరాలున్నా చెదిరేవి 32కు మించవు, తక్కినవి మాయమే. చూడకుండా గుద్దుకొనడం ఈ ఆటలో అనివార్యమని తెలిసినవాడు ముందుగానే చేసిన క్షమాపణ అది. దయగల ఉపాధ్యాయుడు జవాబుపత్రం దిద్దేటప్పుడు తుదకు వేసే కలుపుడు మార్కులవంటిది. ఈ ఉంగరాల పద్ధతిని కనిపెట్టిన బుద్ధికి నేను నమస్కరిస్తాను.

అయితే ఆ దయ అందని చోట్లున్నాయి. గోతిలో పడితే ఉంగరాలు కాపాడవు. రెండు రాళ్ళమధ్య నలిగితే కాపాడవు. అన్నిటికంటె దారుణం ఇనుప ములుకులది. మామూలుగా ఒక దెబ్బ తగిలాక రెండు సెకన్లపాటు సోనిక్ మినుకుమినుకుమంటూ ఉంటాడు. ఆ సమయంలో మరో దెబ్బ అంటదు. తేరుకోవడానికి ఇచ్చిన గడువన్నమాట. తొలి సోనిక్‌లో ములుకులు మాత్రం ఈ గడువును లెక్కచేయవు. ఒక ములుకుల వరుస మీద పడి, ఉంగరాలన్నీ పోగొట్టుకొని, ఎగిరి వెనుకనున్న మరో వరుసమీద పడ్డామా, మినుకు మినుకే, ప్రాణం ప్రాణమే. 1992 నాటి రెండో ఆటలో దీనిని సరిచేశారు. ముళ్ళే కవచంగా పుట్టిన జంతువుకు ముళ్ళవల్లనే చావు వ్రాసిపెట్టడం ఏ అలంకారమో నాకు తోచలేదు.

మా మనవడు ఈ ములుకుల దగ్గర వరుసగా మూడుసార్లు చచ్చాడు. ఏడుస్తాడేమో అనుకొన్నాను. ఏడవలేదు. మీటలపలకను మెల్లగా నేలమీద పెట్టి, "నాకే చేతకావడం లేదు తాతయ్యా" అన్నాడు.

ఆ మాటకు నాకు చాలా కష్టమనిపించింది. ఇదే కంఠస్వరాన్ని నేను పూర్వం వినివున్నాను. పదోతరగతి జవాబుపత్రాల మూల్యాంకనానికి వెళ్ళిన ఒక సంవత్సరం, ఒక ప్రశ్న అచ్చులో తారుమారై అర్థంలేకుండా తయారైంది. ప్రయత్నించిన వారందరికీ ఆ మార్కులు కలపండని ఆదేశం వచ్చింది, కలిపాము. కానీ పరీక్షగదిలో కూర్చున్న పిల్లవాడికి ఆ సంగతి తెలియదు గదా. ప్రశ్న తప్పని వాడికి తోచదు, తనకే రాదనుకొంటాడు. ఆ ఒక్క ప్రశ్న దగ్గర అరగంట కూర్చుని, వచ్చిన ప్రశ్నలు కూడా వదిలేసిన పత్రాలు నా చేతికి వచ్చాయి. వాటికి ఏ ఆదేశమూ మార్కులు కలపలేదు. పెద్దలు పెట్టిన పరీక్షలో తప్పుండవచ్చునని పిల్లలకు ఎవరూ చెప్పరు. "అది నీ తప్పు కాదురా, ఆట కట్టినవారిది" అని నేను మనవడికి చెప్పాను. వాడు నమ్మినట్లు కనిపించలేదు. అప్పుడు పలక, బలపం తెచ్చి పైన చెప్పిన 160, 360ల భాగహారం వాడిచేతనే చేయించాను. చివరికి నమ్మాడు. గణితం మాస్టారుకి ఉన్న అధికారం తెలుగు మాస్టారుకి ఎన్నడూ లేదు.

వేగం ఇచ్చి దాన్ని వాడనీయకపోవడం ఒక లోపమైతే, వేగం ఇస్తానని చెప్పి లాక్కోవడం మరొకటి. గ్రీన్ హిల్ మూడంకాలు ముగియగానే వచ్చేది మార్బుల్ జోను. అక్కడ పరుగు లేదు. కరిగిన లావామీద రాతిదిమ్మె తేలుతూ మెల్లగా పోతుంటే దానిమీద నిలబడి వేచి ఉండాలి. పైనుంచి గొలుసులతో దిగే బరువులు లేచేవరకు వేచి ఉండాలి. హయప్రచారంతో ఎత్తుకొన్న కవి రెండోపాదానికే నిదానించి సీసపద్యపు నడక పట్టినట్లుంటుంది. నాలుగో జోను లాబిరింత్ నీటిలోపలిది. అందులో వేగం సగానికి పడిపోతుంది. ఊపిరి ముప్ఫై సెకన్లు. అడుగునుంచి పెద్ద గాలిబుడగ లేచేదాకా ఒకే చోట కాచుకోవాలి. ఊపిరి అయిపోతున్నప్పుడు తెరమీద అంకెలు ఐదునుండి క్రిందికి లెక్కపెడుతూ, దానికి తోడు గుండె దడదడలాడించే సంగీతం ఒకటి. ముప్ఫై ఏళ్ళు దాటినా ఆ సంగీతాన్ని తలుచుకొంటే మెడ బిగుసుకొంటుందని చెప్పేవారు లెక్కలేనంత మంది. పోనీ ఆ జోను ఒకసారితో పోతుందా? స్క్రాప్ బ్రెయిన్ జోను మూడో అంకంలో అదే నీరు, అదే చిక్కుదారి మళ్ళీ ఎదురవుతుంది.

ఎందుకిట్లా చేశారు? అజ్ఞానం అనుకోను. ఆట మొత్తం పట్టిన చోటు 512 కిలోబైట్లు. ఈనాడు ఫోనులో తీసిన ఒక్క ఛాయాచిత్రానికి అది చాలదు. చేయితిరిగినవాడు గంటలోపే ఆటను పూర్తిచేయగలడు. అంత సొమ్ము పోసి కొన్న ఆట గంటలో అయిపోతే కొన్నవాడు ఊరుకోడు. అందుచేత దారిలో కష్టాలు పెట్టి కాలాన్ని సాగదీయాలి. తొలి ఆటలో మొదట మూడు ప్రాణాలు ఇస్తారు. ఆగినచోటును భద్రపరచుకొనే సౌకర్యం లేదు. యంత్రం ఆపితే రేపు మళ్ళీ మొదటినుంచే. పైగా ఈ ఆటలన్నిటికీ పెద్దన్నలు నాణెం వేసి ఆడే అంగడి ఆటలు. ఆటగాడు త్వరగా చస్తేనే అక్కడ అంగడివాడికి లాభం. ఇంటికి వచ్చాక నాణెం పోయింది గాని అలవాటు పోలేదు.

ఈ తరహా ఆటలను మెచ్చుకొనేవారు ఒక మాట అంటారు: చస్తూ చస్తూ నేర్చుకోవాలి, పదోసారికి దారి కంఠస్థమవుతుంది, అప్పుడు గాని వేగంలోని ఆనందం తెలియదు అని. వల్లెవేతను నేను తక్కువ చేయను. అమరకోశాన్ని, శబ్దాలను అర్థం తెలియకముందే వల్లెవేసినవాడిని. అది ఈనాటికీ నాకు అన్నం పెడుతున్నది. కాని వల్లెవేయించే గురువు అది వల్లెవేతేనని ముందు చెప్పి కూర్చోబెడతాడు. ఈ ఆట అట్లా చెప్పదు. "పరుగెత్తు, పరుగెత్తు" అని వలయాలతో, వాలులతో, స్ప్రింగులతో ఊరిస్తుంది. పరుగెత్తగానే శత్రువును ఎదురు పెడుతుంది. ఏ పని చేయమని నేర్పిందో ఆ పనికే శిక్ష వేస్తుంది. నా అభ్యంతరం కష్టానికి కాదు, ఈ మాట తప్పడానికి.

రెండో ఆటలో ఎన్నో మెరుగులు దిద్దారు. నిలబడినచోటనే బంతిలా గిర్రున తిరిగి ఒక్కసారిగా దూసుకుపోయే విద్య అందులోనే వచ్చింది. తొలి ఆటలో మిట్ట ఎక్కేముందు వేగం చచ్చిందంటే మళ్ళీ వెనక్కి నడిచి దౌడు తీయవలసి వచ్చేది, ఆ బాధ తీరింది. అయితే వేగం ఎంత పెంచారంటే, కెమిల్ ప్లాంట్ అని మా మనవడు పలికే కెమికల్ ప్లాంట్ జోనులో ఒక్కొక్కచోట సోనిక్ తెరనే దాటిపోతాడు. తెర జరిగే వేగానికి చిత్రానికి 16 చుక్కలని ఒక హద్దు పెట్టడంచేత, వెనుకబడిన తెర అతడిని వెతుక్కొంటూ వస్తుంది. కథానాయకుడు లేని రంగస్థలాన్ని చూస్తూ మనం మీట నొక్కుతూ ఉంటాము! మెట్రోపొలిస్ అనే జోను తక్కిన వాటిలా రెండంకాలతో ముగియక మూడంకాలు సాగుతుంది. కత్తులు విసిరే యంత్రపు గొల్లభామలు, దగ్గరకు వెళ్ళగానే పేలి నలువైపులా ముళ్ళు చిమ్మే నక్షత్రచేపలు, పొడుగుచేయి చాచి గుద్దే పీతలు దూకి దిగవలసిన చోటల్లా కాచుకొని ఉంటాయి. అది దాటితే, చివరి డెత్ ఎగ్ జోనులో ఒకరి తరువాత ఒకరుగా ఇద్దరు యంత్రరాక్షసులు. అక్కడ ఒక్కటంటే ఒక్క ఉంగరం పెట్టలేదు. ఆటంతా నేర్పిన దయాధర్మాన్ని ఆఖరి పరీక్షలో రద్దుచేశారు.

ఇవన్నీ ఒక ఎత్తు, అరచేతి యంత్రానిది ఒక ఎత్తు. రెండో సోనిక్‌కు చిన్నయంత్రాలకోసం చేసిన వేరొక రూపం 1992లోనే వచ్చింది. టీవీకి తగిలించే మాస్టర్ సిస్టమ్‌లో దాని తెర 256కు 192 చుక్కలు. అదే ఆటను గేమ్ గేర్ అనే చేతియంత్రంలో 160కి 144 చుక్కల తెరలో బిగించారు. ఆట మారలేదు, కిటికీ మాత్రం కుంచించుకుపోయింది. తొలి జోను చివర వాలుమీద నిలబడి, పైనుండి ఎగిరెగిరి దొర్లివచ్చే బంతులను తప్పించుకోవాలి. పెద్ద తెరలో బంతి ఎక్కడినుండి వస్తున్నదో కనిపిస్తుంది. చిన్న తెరలో బంతి కనిపించేసరికి అది మీదనే ఉంటుంది. ఆ అంకంలోనూ ఉంగరాలు లేవు. కొత్తగా ఆట కొన్న పసివాళ్ళకు మొదటి మెట్టుమీదే ఈ అనుభవం. పెద్దబాలశిక్షను తపాలాబిళ్ళ మీద అచ్చువేసి చదవలేదేమిరా అన్నట్లుంది.

దీనికి మందు లేదా అంటే ఉన్నది, వాళ్ళ ఇంట్లోనే ఉన్నది. 1993లో వచ్చిన సోనిక్ సీడీలో, అతడు వేగం అందుకోగానే తెరను ముందుకు జరిపి, అతడిని వెనుక అంచువైపు ఉంచి, రాబోయే దారి ఎక్కువ కనిపించేటట్లు చేశారు. ఎంత సులువైన ఉపాయం! పద్యం చదివేవాడు నోట ఒకపాదం పలుకుతూ కంటితో తరువాతిపాదం చూస్తాడు. ఆ చూపు ఇస్తే చాలును. వింత ఏమిటంటే, 1994 నాటి మూడో ఆటలో ఆ ఉపాయాన్ని మళ్ళీ వాడలేదు. చాలాకాలానికి వెడల్పు తెరల యుగం వచ్చి, 2013లో ఫోన్లకోసం తిరగరాసిన తొలి సోనిక్‌లోను, 2017 నాటి సోనిక్ మేనియాలోను ముందు కనిపించే మేర పెరిగింది. 2022లో పాత ఆటలను కలిపి తెచ్చిన సోనిక్ ఆరిజిన్స్‌లో ప్రాణాల లెక్కే లేకుండా ఆడుకొనే పద్ధతి ఒకటి పెట్టారు, పాతపద్ధతి కావలసినవారికి అదీ ఉంచారు. కష్టాన్ని ఎంచుకొనే స్వేచ్ఛ ఆటగాడికి ఇవ్వడం నాకు నచ్చింది.

మూడో ఆట ప్రస్తావన వచ్చింది కనుక పీపా సంగతి చెప్పకపోతే ఈ టపా ముగియదు. అందులో కార్నివాల్ నైట్ అనే తిరునాళ్ళ జోను ఉన్నది. దారిలో చారలున్న పీపాలు వ్రేలాడుతూ ఉంటాయి. మీదికి దూకితే కాస్త పైకీ క్రిందికీ ఊగుతాయి, వాటిమీదినుంచి ఎగిరి దాటిపోవచ్చు. రెండో అంకంలో ఒక పీపా మాత్రం దారికి అడ్డంగా ఉన్నది. అది బాగా క్రిందికి దిగితేగాని సందు దొరకదు. అంతకుముందు పీపాలన్నీ దూకితే ఊగాయి కనుక, ఎవరైనా దీనిమీద కూడా దూకుతారు. అది ఊగుతుంది, కొంచెం ఎక్కువ ఊగుతుంది, ఇంకొంచెం దూకితే దిగిపోతుందన్న ఆశ పుట్టిస్తుంది, దిగదు. నిజానికి దూకనేకూడదు. కదలకుండా నిలబడి, మీటల పలకమీద పైమీటను, క్రిందిమీటను ఊపుకు తగినట్లు మార్చిమార్చి నొక్కాలి. ఆటలో మరెక్కడా ఆ మీటలకు అటువంటి పని లేదు. పైమీట నొక్కితే తల ఎత్తి చూస్తాడు, క్రిందిమీట నొక్కితే వంగుతాడు, అంతే. ఆ పీపా దగ్గర ఏ సూచనా లేదు. ఒక్కొక్క అంకానికి పది నిమిషాల గడువు. పీపామీద దూకుతూ దూకుతూ గడువు తీరి ప్రాణం పోగొట్టుకొన్న పిల్లలు దేశదేశాలలో ఉన్నారు.

మనవడు రెండు సాయంత్రాలు ఆ పీపామీద దూకాడు. మా పెద్దవాడు నా చెవిలో కిటుకు చెప్పి, "వాడికి చెప్పకండి నాన్నా, వాడంతట వాడే కనుక్కోవాలి, అందులోనే మజా" అన్నాడు. పాఠంలో లేనిదాన్ని పిల్లవాడు ఎట్లా కనుక్కొంటాడని నేను అడిగాను. తాను చిన్నప్పుడు ఒక స్నేహితుడి ఇంట్లో ఇదే ఆటను ఆడినప్పుడు ఎట్లా కనుక్కొన్నావని కూడా అడిగాను. ఆ స్నేహితుడి అన్న చెప్పాడట.

మూడో సాయంత్రం గడియారంలో ఏడు నిమిషాలు దాటాక మనవడి ప్రక్కన చేరి, "దూకడం ఆపు నాయనా. పైమీట, క్రిందిమీట, ఉయ్యాల ఊపినట్లు" అన్నాను. పీపా ఊగింది, దిగింది, సోనిక్ సందులోంచి జారిపోయాడు. వాడు తెరమీదినుంచి కళ్ళు తిప్పకుండానే, "ఇది ముందే ఎందుకు చెప్పలేదు తాతయ్యా?" అన్నాడు. మీ నాన్న వద్దన్నాడని చెప్పాను.